ఖాళీ క్యాను పంపకూడదని

2114వ రోజు

తొట్టి వేడి ముప్ఫై ఒకటి. సముద్రంలో తాళ్ళు నలభై. గాలి దక్షిణం నుంచి.

ఆఫీసు వాళ్ళిచ్చిన ఈ రిజిస్టరులో చివరి గడి పేరు ‘ఇతర వివరాలు’. వెడల్పు రెండు వేళ్ళు. అందులో ‘ఏమీ లేవు’ అని రాయమని శిక్షణలో నేర్పారు. ఆరేళ్ళుగా నాకు ఆ గడి చాలక పక్క పేజీలోకి వెళ్ళిపోతున్నాను. ఎవరూ చదవరని తెలుసు. చదివే వాళ్ళుంటే ఇంత ధైర్యంగా రాసేదాన్ని కాదు.

ఈ రోజు వివరం ఒకటుంది. పొద్దున్నే మూత తీస్తే తొట్టికి వాసన లేదు.

జీవాలు బాగున్న రోజున నానబెట్టిన తెలికపిండి వాసన కొడుతుంది. అవి కంటికి కనబడవు. మందంగా, గోధుమ రంగులో, గంజిలా ఉండే ఆ నీళ్ళే జీవాలు. వాటి అసలు పేరు ఒడ్డున ఆఫీసులో ఉండే హిమజ మేడమ్‌కి నోరు తిరుగుతుంది, నాకు తిరగదు. కొబ్బరి తాళ్ళను ఆ గంజిలో ఒక రోజు ముంచి ఉంచి తెప్ప చుట్టూ సముద్రంలోకి వేలాడదీస్తాను. నీళ్ళలో నూనెను అవి మేస్తాయి, ఒంటి చుట్టూ జిగురు కట్టుకుంటాయి, ఆ జిగురుకు పాదరసం, సీసం అంటుకుంటాయి. పదిహేను రోజులకోసారి తాళ్ళు లాగి ఒడ్డుకు పంపిస్తాను. ఒడ్డున కాలుస్తారు.

ఈ రోజు తొట్టిలో నీళ్ళు తాగొచ్చేమో అన్నంత తేటగా ఉన్నాయి. గరిటె పెట్టి తిప్పాను. గరిటె అడుగు దాకా కనబడింది.

ఆరింటికి రేడియోలో దానయ్య మావ పలికాడు. ఇరవై కిలోమీటర్లు ఉత్తరాన, తొమ్మిదేళ్ళ క్రితం నూనె ఓడ మునిగిన చోటికి సరిగ్గా పైన, తొమ్మిదో తెప్ప ఆయనది. మొదట్లో పన్నెండు తెప్పలుండేవి. నీళ్ళు తేరుకున్న కొద్దీ ఒక్కొక్కటే విప్పేశారు. ఇప్పుడు ఆయనా, నేనూ. ఆరేళ్ళుగా రోజూ మాట్లాడుకుంటున్నాం కానీ ఒకరి మొహం ఒకరం చూడలేదు. వరసకి మావ అవుతాడని మొదటి రోజునే ఇద్దరం కూర్చుని లెక్క తేల్చుకున్నాం.

“మావా, నా జీవాలు పోనాయి.”

“ఎన్ని పోనాయి?”

“లెక్కెట్టి సెప్పమంటావేటి? అన్నీని.”

“ఆఫీసుకి సెప్పినావా?”

“సెప్తే రేపే తెప్ప ఇప్పీస్తారు. ఆళ్ళు కారణం కోసమే కూకున్నారు.”

ఆ మాట నిజం. నా ఏడో తెప్ప అవసరం తీరిపోయిందని ఏడాదిగా అంటున్నారు. విప్పేస్తే నన్ను హైవే పక్క కాలనీకి పంపుతారు. వేట ఆపి సముద్రం మూసేసినప్పుడు మా పేట మొత్తాన్ని అక్కడికే తరలించారు. పదహారో నంబరు గది నాది. మా ఆయన పోయాక ఆ తలుపు నేను తెరిచింది రెండు సార్లు. అక్కడ పొద్దున్న ఆరింటికి నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఉండడు.

“నీ కాడ తోడు ఉన్నాదా మావా?” అని అడిగాను.

ఒక తొట్టి సరుకు ఇంకో తొట్టికి వెళ్ళకూడదు. ఏదైనా ఒడ్డు నుంచే రావాలి. అది రూలు. మావకీ తెలుసు.

“ఎల్లాజీ పడవకి అంపుతాను. మూత గట్టిగుంటది, సూసి తియ్యి,” అన్నాడు.

2116వ రోజు

ఎల్లాజీ ఐదు రోజులకోసారి బియ్యం, పప్పు, మంచినీళ్ళు తెస్తాడు. ఈ రోజు వాటితో పాటు గుడ్డ కట్టిన స్టీలు క్యాను ఒకటి దింపాడు.

“ఏటిది పైడమ్మప్పా, పాలేటి?” అని నవ్వాడు.

“పాలే. నీకెందుకు?” అన్నాను.

తొట్టిని సముద్రపు నీళ్ళతో మూడు సార్లు కడిగాను. రూలు ప్రకారం బ్లీచింగు వేసి మూడు రోజులు ఎండబెట్టాలి. మూడు రోజులు ఖాళీ తొట్టి పెట్టుకుని, ఆఫీసు వాళ్ళకి ఏ అంకె చదవను? కొత్త నీళ్ళు పోసి, చెంచాడు నూనె చల్లి, మావ పంపిన తోడు వేశాను.

2121వ రోజు

తోడుకుంది. తెలికపిండి వాసన తలుపు దాకా వస్తోంది. తాళ్ళు ముంచాను.

ఎల్లాజీ వచ్చే రోజు కాబట్టి క్యాను తిరిగి పంపాలి. పొరుగింటి గిన్నె ఖాళీగా పంపడం మా ఇంటా వంటా లేదు. మా అమ్మ ఏమీ లేని రోజున చిటికెడు ఉప్పు కాదు సుమా, చిటికెడు పంచదారైనా వేసి పంపేది. తెప్ప మీదికి పంచదార రాదు. పప్పు వేద్దామంటే మావకీ అదే పప్పు. అందుకని కొత్తగా తోడుకున్న దానిలోంచి రెండు గరిటెలు వేశాను. నీ తోడు నా దగ్గర ఎలా అందుకుందో చూడు మావా అని.

క్యాను మరిగించమని రూలు. పొయ్యి మీద అన్నం ఉంది, మంచినీళ్ళు తక్కువున్నాయి. తొట్టి నీళ్ళతోనే తొలిచి మూత పెట్టేశాను.

2122వ రోజు

“అందినాయమ్మీ,” అన్నాడు మావ. “నా వాటికన్నా ఘాటుగున్నాయి. నీ సెయ్యి మంచిదే.”

“ఏటి సేసినావు?”

“ఏటి సేత్తాను, పెట్టిన సరుకు పారబోత్తానేటి? నా తొట్టిలో కలిపీసినాను.”

ఆ తర్వాత కాలనీ కబుర్లు చెప్పాడు. పాదరసం లెక్క రెండు పున్నములు వరుసగా గీత కింద ఉంది. వచ్చే పున్నమికి కూడా ఉంటే తొమ్మిదేళ్ళ తర్వాత వేట తెరుస్తారు. ఆయన పెద్ద కొడుకు మేస్త్రీ పని మాని పడవకు తారు పూస్తున్నాడట. మావకి డెబ్బై దాటాయి. చచ్చేలోగా ఒక్కసారి తన వల తను వెయ్యాలని ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. దాన్ని కోరిక అని ఎప్పుడూ అనడు. “సూద్దాం, సూద్దాం,” అంటాడు.

2126వ రోజు

తొట్టికి మళ్ళీ వాసన లేదు.

నీళ్ళు తేట. తాళ్ళు లాగి చూశాను, మీద జిగురు పొట్టులా రాలిపోతోంది. ఎండ ఎక్కువైందా, నూనె తక్కువైందా అని పొద్దంతా అటూ ఇటూ తిరిగాను. తిరగడానికి ఉన్నది ముప్ఫై అడుగులు.

ఆరింటికి మావ అడిగాడు. “జీవాలు మేస్తన్నాయా?”

అడుక్కుని తెచ్చుకున్న తోడు కూడా నిలబెట్టుకోలేకపోయానని చెప్పడానికి మొహం చెల్లలేదు.

“మేస్తన్నాయి మావా,” అన్నాను.

2127వ రోజు

ఈ రోజు రేడియో ఆరింటికి పలకలేదు. ఏడున్నరకి పలికింది.

“అమ్మీ, నా తొట్టికి వాసన నేదు.”

అవతల ఆయన గరిటె తిప్పుతున్న చప్పుడు వినబడింది.

“అడుగు కనిపిస్తంది,” అన్నాడు.

క్యాను వెళ్ళి ఆరు రోజులు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టినా ఆరే. నాది చచ్చింది, నా నుంచి వెళ్ళింది, ఆయనది చచ్చింది. దీన్ని అర్థం చేసుకోవడానికి మేడమ్ చదివినంత చదువు అక్కర్లేదు.

2129వ రోజు

హిమజ మేడమ్ ఒడ్డు నుంచి లైన్లోకి వచ్చింది. మంచి పిల్లే. కానీ తొమ్మిదేళ్ళ పని పున్నమి ముందు ఇలా అయ్యేసరికి గొంతు మారింది.

“దానయ్యగారూ, నీళ్ళు వేడెక్కించే పంపు ఆపారా?”

“నేదు మేడమ్.”

“బయటి నీళ్ళేమైనా కలిశాయా? బయటి సరుకేమైనా?”

లైను ముగ్గురికీ తెరిచే ఉంది.

“ఏమో మేడమ్. ముసలోణ్ణి. ఏటయినాదో తెలీదు,” అన్నాడు మావ.

మేడమ్ చెప్పింది ఇది. శీతల గదిలో అసలు జీవాల సీసాలు రెండే మిగిలాయి. ఒకటి ఎల్లుండి పడవకు పంపుతుంది. అది అందుకుంటే సరే. తొమ్మిదో తెప్ప తాళ్ళ మీద జీవాలు కూడా చస్తే, ఇన్నాళ్ళూ పట్టుకున్న పాదరసాన్ని నీళ్ళలోకి వదిలేస్తాయట.

“పైడమ్మగారూ, మీ తొట్టి ఎలా ఉంది?”

“బాగుంది మేడమ్. ముప్ఫై ఒకటి,” అన్నాను. తేలు కుట్టిన దొంగ కూడా నాకన్నా ఎక్కువే మాట్లాడి ఉంటాడు.

2131వ రోజు

మొదటి సీసా తొమ్మిదో తెప్పకు చేరింది. మావ ఇరవై నాలుగు గంటలు తొట్టి పక్కనే కూర్చుంటానన్నాడు.

ఆ తొట్టిలో ఏముందో నాకు తెలుసు. సీసా పొయ్యొద్దు అని చెప్పడానికి ఒక్క మీట నొక్కితే చాలు. నొక్కాను కూడా. మావ “ఏటమ్మీ?” అన్నాడు.

“అన్నం తిన్నావా?” అని అడిగాను.

ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది. నేను భయపడింది ఉద్యోగానికి కాదు, కాలనీకి కూడా కాదు. సంగతి తెలిస్తే ఆయన రేపటి నుంచి ఆరింటికి పలకడేమోనని. నాకు ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క గొంతు. దాన్ని నిలుపుకోవడానికి, ఆ గొంతు మనిషి వల వేసే రోజును ఒక సీసాతో పాటు పారబోశాను.

2135వ రోజు, పున్నమి

సీసా పోయింది. నాలుగు రోజులు కూడా నిలవలేదు.

పాదరసం లెక్క గీత మీదికి ఎక్కింది. లెక్కలో వరుస తెగింది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి మూడు పున్నములు. కాలనీలో తారు పూసిన పడవల మీద తాటాకులు కప్పేస్తున్నారని ఎల్లాజీ ఒడ్డు నుంచి చెప్పాడు. పడవలు తిరగబోర్లించడం చూసి మావ కొడుకు అక్కడ ఉండలేక వెళ్ళిపోయాడట.

మేడమ్ సాయంత్రం మాట్లాడింది. తప్పు మావదేనని తేల్చారు. వయసు మీద పడింది, చూపు ఆనదు, ఏదో మరిచిపోయి ఉంటాడు. రేపటి పడవకు ఇంకొకరు వస్తారు, ఆయన దిగిపోవాలి. ఆ వచ్చే మనిషి ఆఖరి సీసా పోస్తాడు.

“సరే మేడమ్,” అన్నాడు మావ. అంతే.

ఆ తర్వాత నన్ను అడిగాడు. “అమ్మీ, నీ జీవాలెలగున్నాయి?”

వారం రోజులుగా రోజూ ఇదే అడుగుతున్నాడు. ఒకే మాట, ఒకే నిదానంతో. మేస్తన్నాయి మావా అని రోజూ చెబుతున్నాను. ఈ రోజు చెప్పబోయి ఆగిపోయాను. క్యాను పంపింది ఆయన. తిరిగి అందుకుంది ఆయన. రెండు గరిటెలు కలిపింది ఆయన. ఆరు రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టడం నాకొక్కదానికే వచ్చా?

ఆయనకి అంతా తెలుసు. తెలిసే తన మీద వేసుకున్నాడు.

2136వ రోజు

పడవ బయల్దేరకముందే ఒడ్డును పిలిచాను. లైను ముగ్గురికీ తెరిచి ఉందని చూసుకునే పిలిచాను.

“మేడమ్, ఆఖరి సీసా పొయ్యకండి. అదీ చస్తుంది.”

“ఎవరు, పైడమ్మగారా? మీకెలా తెలుసు?”

చెప్పాను. వాసన పోయిన రోజు నుంచి రెండు గరిటెల దాకా. నా తొట్టి ఇప్పటికి రెండు సార్లు చచ్చిందని, ఇరవై రోజులుగా ముప్ఫై ఒకటి అని అబద్ధం చదువుతున్నానని. మేడమ్ మధ్యలో తిట్టలేదు. ఏ తేదీ, ఎన్ని గరిటెలు, మరిగించారా అని మాత్రం అడిగి రాసుకుంది. కాగితం మీద కలం చప్పుడు వినబడుతూనే ఉంది.

“అది వైరస్ అండీ,” అంది చివరికి. “మనుషుల్ని ఏమీ చెయ్యదు. ఈ జీవాలనే తింటుంది. మీరు తొట్టి కడిగినా కొంచెం మిగిలిపోయింది, ఐదు రోజుల్లో మళ్ళీ పెరిగింది. నడి సముద్రంలో పడితే పలచబడి ఎండకి చచ్చిపోతుంది. ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి వెళ్ళాలంటే ఎవరో ఒకరు మొయ్యాలి.”

“నానే మోసినాను మేడమ్.”

“ఐదు రోజుల ముందు చెప్పి ఉంటే ఒక సీసా మిగిలేది.”

“అవును.”

“దానయ్యగారూ, మీరు విన్నారా? మీకు ముందే తెలుసా?”

మావ మాట్లాడింది మేడమ్‌తో కాదు, నాతో.

“నాను సెప్పగల్ను అమ్మీ. సెప్తే నీ పేరు సెప్పాల. ఆ మాట నీ నోటంట రావాలని కూకున్నాను. ఒక సీసా పోయేదాకా కూకున్నాను.”

“మావా...”

మీట వదిలేసిన చప్పుడు వినబడింది.

2137వ రోజు

ఉత్తర్వు వచ్చింది. మావని దింపడం లేదు. ఆయన తెప్ప మొత్తం బ్లీచింగుతో కడిగి, ఎండబెట్టి, ఇరవై రోజుల తర్వాత ఆఖరి సీసా పోస్తారు.

ఏడో తెప్పకు ఆరు నెలలు కట్టడి. ఏ పడవా నీళ్ళ మీద తేలే ఎర్ర బోయాలు దాటి రాకూడదు. అవి రెండు వందల గజాల దూరాన వేశారు. తిండి డ్రోను జారవిడుస్తుంది. తెప్పకీ తెప్పకీ మధ్య రేడియో మాటలు బంద్. చాటుమాటు ఇచ్చిపుచ్చుకోవడాలు అక్కడే మొదలయ్యాయి కాబట్టి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒడ్డుతో మాత్రం మాట్లాడాలి, అదీ అంకెలు.

తాళ్ళు నలభై లాగి ఇనుప పీపాలో కాల్చాను. తొట్టి తోమాను. గరిటె కూడా కాల్చబోయాను కానీ స్టీలు కాలదు కదా.

2143వ రోజు

పొద్దున్న ఆరింటికి లేచి రేడియో ముందు కూర్చున్నాను. బంద్ అని తెలుసు. అయినా కాళ్ళు తీసుకొచ్చాయి.

2158వ రోజు

ఆఖరి సీసా పోశారట. మేడమ్ చెప్పింది.

“మావకి నా మీద కోపంగా ఉందా మేడమ్?”

“ఆయన ఏమీ అనలేదండీ.”

తిట్టాడని చెప్పినా బాగుండేది. తిట్టుకు సమాధానం ఉంటుంది.

2171వ రోజు

తొట్టి లేని తెప్ప మీద పని ఉండదు. వేడి చూడక్కర్లేదు, తాళ్ళు లాగక్కర్లేదు. ఉప్పు పట్టిన కమ్మీలు తుడుస్తాను. తుడిచేసరికి మొదలెట్టిన చోట మళ్ళీ ఉప్పు పడుతుంది. ఈ వారంలో పైకి మాట్లాడిన మాటలు లెక్కపెట్టాను. అంకెలు కాకుండా పదకొండు. అందులో నాలుగు డ్రోనును తిట్టినవి.

ఒంటరితనం అలవాటవుతుందని శిక్షణలో చెప్పిన మనిషి ఎక్కడున్నాడో గానీ ఒక నెల ఇక్కడ ఉండి వెళ్ళమనాలి. ఇదివరకూ ఒంటరినే. కానీ అప్పుడు రోజుకో పావుగంట ఒంటరిని కాదు. ఆ పావుగంట కోసం మిగిలిన రోజంతా గడిచేది.

2194వ రోజు, పున్నమి

లెక్క గీత కింద. ఒకటి.

2224వ రోజు, పున్నమి

రెండు. ఎవరూ పడవలకు తారు పూయడం లేదని మేడమ్ అంది. ఈసారి నమ్మడానికి భయపడుతున్నారట.

2253వ రోజు, పున్నమి

మూడు.

మేడమ్ ఆ అంకె చదివి, ఆ తర్వాత ముక్కు చీదింది. నేను ‘నమోదు చేసుకున్నాను’ అన్నాను. అలాగే అనాలి. రేడియో కట్టేశాక చాలా సేపు ఏడ్చాను. సంతోషానికే ఏడ్చానని రాస్తే అది కూడా ఇరవై రోజుల అబద్ధాల పక్కన చేరుతుంది. సంతోషానికీ ఏడ్చాను. తొమ్మిదో తెప్ప విప్పేస్తారు, మావ ఇంటికి వెళ్ళిపోతాడు, ఆ లైనులో అవతల ఇక ఎప్పటికీ మనిషి ఉండడు. అందుకూ ఏడ్చాను.

2258వ రోజు

వేట తెరిచారు.

పొద్దు పొడిచిన గంటకు పడమటి నుంచి ఇంజన్ల మోత వినబడింది. కమ్మీ దగ్గరికి వచ్చి చూశాను. పడవలు. ముప్ఫై రెండు లెక్కపెట్టాను, ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగి వరస తప్పింది. తూర్పు లోతుకు వెళ్ళాలంటే నా తెప్ప పక్కనించే దారి. అన్నీ ఎర్ర బోయాలకు అవతలే పోతున్నాయి. కట్టడి నాకు ఇంకా రెండు నెలలు మిగిలి ఉంది. ఎవరూ ఇటు చెయ్యి ఊపలేదు. ఊపుతారని అనుకోలేదు. వాళ్ళకి నాలుగు నెలల వేట పోగొట్టిన మనిషిని నేను.

ఆఖరున ఒక పడవ వెనకబడింది. బోయాల దగ్గరికొచ్చి ఇంజను ఆపింది. రేడియో గరగరలాడింది. ఒడ్డు వేళ కాదు, ఒడ్డు గొంతూ కాదు.

“ఏడో తెప్పా. పైడమ్మీ. ఉన్నావేటే?”

మీట నొక్కాను.

“ఉన్నాను మావా.”

“దాటి రానివ్వరంట. సట్టం. నాను అడిగినాను. నేదన్నారు. ఇటు సూడు.”

చూశాను. పడవలో నలుగురున్నారు. ఒకడు పక్కవాడి భుజం పట్టుకుని మెల్లగా లేచాడు. పొట్టి మనిషి. ఆరేళ్ళుగా ఆ గొంతుకు నేను ఆరడుగుల మనిషిని తగిలించి పెట్టుకున్నాను. నెత్తికి పచ్చ తువ్వాలు, చొక్కా లేదు, కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి నిలబడ్డాడు. అలకి పడవ ఊగుతున్నా ఆయన ఊగడం లేదు.

“సూసినావా? నిలబడ్డది నానే.”

“సూసినాను మావా.”

“కోపం పోనాదనుకోకు. సగం ఉన్నాది.”

“ఉండనీ.”

“ఆ సగం నీ కట్టడి అయ్యేతలికి పోతాది. కాకపోతే ఒడ్డుకి వొచ్చినాక తీర్సుకుంటాను.” చెయ్యి నొసట అడ్డం పెట్టుకుని ఇటు చూస్తున్నట్టున్నాడు. “నా సూపు ఆనడం నేదు. కమ్మీ కాడ ఎవులో తెల్ల సీర కనిపిస్తంది. అది నువ్వేనా?”

“నాను కాక ఇంకెవులుంటారు మావా ఇక్కడ?” అన్నాను.

ఇంజను మళ్ళీ మొదలైంది. ఆ పడవ తక్కిన వాటిలో కలిసిపోయేదాకా ఆయన కూర్చోలేదు.